నాలుగున్నరేళ్ల బాబు ఐదు రకాలే తింటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక తల్లి):
మా బాబుకు నాలుగున్నరేళ్లు. తినేవి ఐదే: పెరుగన్నం (పోపు గింజ కనబడితే లేచిపోతాడు), ఒకే కంపెనీ బిస్కెట్, సకినాలు, దోసె అంచులు, పాలు. రెండేళ్లప్పుడు గుడ్డు, అరటిపండు, పప్పన్నం బాగా తినేవాడు. ఒకసారి జ్వరం వచ్చి తగ్గాక ఒక్కొక్కటే మానేశాడు. పక్కన ఎవరైనా టమాట కూర కలుపుకుంటే ఆ వాసనకే డోకు వస్తుంది, ఒక్కోసారి వాంతి చేసుకుంటాడు. ఫోన్ చూపిస్తే నాలుగు ముద్దలు పోతాయి, లేదంటే అవీ లేవు. కడుపు నిండాలి కదా అని రోజుకు నాలుగు గ్లాసుల పాలు ఇస్తున్నాను. బరువు 14 కిలోలు, ఆరు నెలలుగా పెరగలేదు. మా అత్తమ్మ "రెండు తగిలిస్తే అన్నీ తింటాడు" అంటుంది. అన్నం టైం అవుతుందంటేనే నాకు టెన్షన్ మొదలవుతోంది.

జవాబు (జనగామ):
మా ఇంట్లో పెట్టింది తినాలి, అంతే. ఒక రోజు కడుపు మాడితే వాడే అడిగి తింటాడు. చేసి చూడండి.

జవాబు (కాజీపేట):
చెల్లె, పైన అన్నయ్య చెప్పింది మామూలుగా మారాం చేసే పిల్లలకు పనికొస్తుందేమో, మీ బాబుకు మాత్రం దయచేసి చేయొద్దు. మా పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్లు, ఆ వయసులో అచ్చం ఇలాగే ఉండేది. మేము కడుపు మాడ్చి చూశాం. రోజున్నర ఏమీ ముట్టలేదు. నీరసంతో నా ఒళ్లో పడుకుంది కానీ అన్నం అడగలేదు. ఇలాంటి పిల్లలకు ఆకలి కంటే భయం పెద్దది.

రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా కొత్త తిండంటే జంకడం చాలామంది పిల్లల్లో ఉంటుంది. కానీ తినే రకాలు తగ్గుతూ పోవడం, వాసనకే వాంతి, బరువు ఆగిపోవడం, ఈ మూడూ మీరు రాశారు. అందుకని ముందు పిల్లల డాక్టర్‌కు చూపించండి. తిండిని ఇంతగా దూరం పెట్టడానికి ఏఆర్‌ఎఫ్ఐడీ (తిండిని తప్పించుకునే, బాగా తగ్గించేసే సమస్య) అని వైద్యంలో పేరుంది, మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం డీఎస్‌ఎం-5 2013లో వచ్చినప్పుడు అందులో చేర్చారు. మీ బాబుది అదేనని నేను చెప్పలేను, డాక్టరే చెప్పాలి. ఇది మీ పెంపకంలో లోపమని మీరు కుమిలిపోకూడదనే ఈ మాట రాస్తున్నాను.

డాక్టర్ దగ్గర రక్తం, ఐరన్, బీ12 పరీక్షల గురించి అడగండి. విరేచనం గట్టిగా అవుతుంటే తప్పక చెప్పండి, మలబద్ధకం ఉన్న పిల్లలకు ఆకలి పుట్టదు. మాటలు ఆలస్యమైనా, మిక్సీ చప్పుడుకు చెవులు మూసుకున్నా, చొక్కా లేబుల్ గుచ్చుకుంటుందని ఏడ్చినా అదీ చెప్పండి. మందుల షాపులో ఆకలి సిరప్ అడిగి తేవద్దు. వాటిలో కొన్ని అలర్జీ మందులే, పిల్లలు మగతగా పడుంటారు.

పాలు అరలీటరుకు మించకూడదు. పాలలో ఐరన్ దాదాపు ఉండదు, పైగా వేరే తిండిలోని ఐరన్‌ను సరిగా ఒంటబట్టనివ్వవు. ఐరన్ తగ్గితే ఆకలి ఇంకా చచ్చిపోతుంది. అలాగని ఒక్కసారిగా ఆపొద్దు, ఇప్పుడు వాడికి బలం వాటితోనే కదా. డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించండి.

ఇంకొకటి, దాచి పెట్టొద్దు. నేను పెరుగన్నంలో మెత్తగా రుబ్బిన పాలకూర రెండు చెంచాలు కలిపాను. కనిపెట్టేసింది. ఆ రోజు నుంచి నాలుగు నెలలు పెరుగన్నమే ముట్టలేదు. ఉన్న ఐదింటిలో ఒకటి నా చేతులతో నేనే పోగొట్టాను, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

మాకు దారి దొరికింది సకినాలతోనే. సకినంలో ఉండేది బియ్యప్పిండి, నువ్వులు, వాము. సర్వపిండిలోనూ అదే బియ్యప్పిండి, అవే నువ్వులు. ఉల్లి, శనగపప్పు, కరివేపాకు ఏవీ వేయకుండా, పిండిని గంజుకు పలుచగా ఒత్తి, సకినంలా కరకరలాడేదాకా కాల్చాను. గోరంత ముక్కను వేరే చిన్న గిన్నెలో వేసి సకినాల పక్కన పెట్టాను. తినమని అనలేదు. మొదటి వారం గిన్నెను దూరం జరిపేది. తర్వాత వేలితో ఒత్తి చూసింది. ఒక రోజు నాలుకకు తాకించి, వెంటనే తువ్వాలతో నాలుక తుడుచుకుంది. నేను పొగడలేదు, ముఖం కూడా మార్చలేదు. పదిహేనుసార్లు దాటాక కొరికింది. రెండు నెలలకు అందులో పల్లీల పొడి, ఆ తర్వాత సొరకాయ తురుము, అదీ తనకు చూపించి, తన చేతనే వేయించి. ఒక రోజు ముక్క మెత్తగా వచ్చింది, మళ్లీ మానేసింది. మళ్లీ ఒట్టి సర్వపిండి దగ్గరికి వెళ్లాం. ఒకసారికి ఒక్కటే మార్చాలి: రుచి మారిస్తే కరకర అలాగే ఉండాలి, ఆకారం మారిస్తే రుచి అలాగే ఉండాలి.

అమెరికా డైటీషియన్ ఎలిన్ శాటర్ పద్ధతి ఒకటుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అనేది పిల్లల పని. మూడు గంటలకోసారి పెట్టండి, మధ్యలో నీళ్లు తప్ప ఏమీ వద్దు. ప్రతిసారీ వాడు తినేది ఒకటి తప్పకుండా ఉండాలి. అరగంటకు పళ్లెం తీసేయండి. ఫోన్ కూడా ఒక్కరోజులో లాక్కోవద్దు, ముందు ఒక్క పూట మానిపించండి.

ప్రశ్న అడిగిన తల్లి:
అక్కా, పాలకూర తప్పు నేనూ చేశాను, దోసె పిండిలో. మరి స్కూల్ బాక్సులో ఏం పెట్టాలి? అత్తమ్మకు ఎలా చెప్పాలి?

కాజీపేట:
బాక్సులో వాడు తినేవే పెట్టండి, కొత్తవి ఇంట్లోనే. "మొత్తం అయిపోగొట్టు" అని బలవంతం చేయొద్దని టీచర్‌కు చెప్పండి. అత్తమ్మను డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి. మనం చెబితే వాదన అవుతుంది, అదే మాట డాక్టర్ చెబితే వింటారు. సర్వపిండి ఒత్తే పని కూడా ఆమెకే ఇవ్వండి, మనవడిని పక్కన కూర్చోబెట్టుకొని.

జవాబు (పరకాల, అంగన్‌వాడీ టీచర్):
నెలకోసారి ఒకే కాంటా మీద బరువు చూసి రాసుకోండి. ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) అనే ప్రభుత్వ పథకం కింద పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. అవసరమైతే డీఈఐసీకి, అంటే పిల్లల సమస్యలను తొందరగా గుర్తించి చూసే జిల్లా కేంద్రానికి పంపుతారు, అక్కడ థెరపిస్టులు చూస్తారు. నమలడం, మింగడం ఇబ్బందిగా ఉంటే స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి, వాళ్లు చూసేది మాటలు ఒక్కటే కాదు. అన్నం తింటుంటే ఉక్కిరిబిక్కిరి అయినా, నీళ్లు కూడా తాగకపోయినా, మూత్రం తగ్గినా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న అడిగిన తల్లి (మూడు వారాల తర్వాత):
హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది, ఐరన్ చుక్కలు ఇచ్చారు. పాలు రెండు గ్లాసులకు వచ్చాయి. సర్వపిండి ముక్కను ఇంకా నోట్లో పెట్టలేదు కానీ, ఈ రోజు గిన్నెను దూరం జరపలేదు అక్కా.

కాజీపేట:
చాలా మంచి మాట చెప్పావు చెల్లె. రేపు కూడా అంతే ముక్క పెట్టు, పెద్దది చేయకు.