సంకల్పంలో చేతిమీద చేయి ఎందుకు, నీళ్లు ఎందుకు వదలాలి?

ప్రశ్న:
పూజా పుస్తకాల్లో 'సంకల్పం చెప్పి నీళ్లు వదలాలి' అని ఒక్క ముక్కతో సరిపెడతారు. ఏ చేయి పైన ఉండాలి? నీళ్లు ఎటువైపు నుంచి వదలాలి? మనసులో గట్టిగా అనుకుంటే చాలదా, ఇందులో చేతికేం పని?

జవాబు 1:
ఆచమనం, ప్రాణాయామం అయ్యాక ఎడమ అరచేతిని వెల్లకిలా కుడి తొడ మీద ఉంచండి. కాసిని అక్షతలు వేసుకుని, కుడి అరచేతిని దానిమీద బోర్లించండి. దేశకాలాలు, గోత్రం, పేరు, తలపెట్టిన పని చెప్పి 'కరిష్యే' (చేస్తాను) అనేదాకా ఆ మూత తీయకూడదు. తర్వాత అక్షతలు కుడిచేతిలోకి తీసుకుని, ఉద్ధరిణెతో నీళ్లు పోసుకుని పళ్లెంలోకి వదలాలి. కొన్ని ఇళ్లలో పువ్వు కూడా పట్టుకుంటారు, తప్పులేదు.

ఎక్కువమంది పొరబడేది వదిలే చోట. చేతిలో నీళ్లు జారే చోట్లను తీర్థాలంటారు: వేళ్ల కొసలు దేవతీర్థం, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పితృతీర్థం; మనుస్మృతి రెండో అధ్యాయంలోనే ఈ విభజన ఉంది. చేయి పక్కకు వాలిస్తే దేవకార్యం నీళ్లు పితృతర్పణం దారిన పోతాయి. అరచేతిని ముందుకు వంచండి, చాలు.

జవాబు 2:
'కరిష్యే' అన్న మాటను కూడా పట్టించుకోండి. అది ఆత్మనేపదం, అంటే సంస్కృత క్రియలకుండే రెండు రకాల రూపాల్లో ఒకటి. పని ఫలం చేసేవాడికే చెందేటప్పుడు ఆ రూపం వాడాలని వ్యాకరణకర్త పాణిని సూత్రం (అష్టాధ్యాయి 1.3.72). 'ఇది నేను, నాకోసం చేస్తాను' అని నోరు ఒప్పుకున్నదాన్ని చేయి ఖాయం చేస్తుంది. దోసిట్లో ఉన్న నీటిని ఆపుకోవచ్చు. జారిన నీటిని వెనక్కి తీసుకోలేం. దానంలోనూ ఇదే పద్ధతి. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల్లో భూమి ఇచ్చేటప్పుడు 'ఉదకపూర్వం' (ముందు నీళ్లు వదిలి) అని రాయించడం అందుకే. మనం ఇప్పటికీ అనే 'ధారాదత్తం' ఆ నీటిధారే.

జవాబు 3:
పై వివరణకు ఒక చేర్పు. సంస్కృతంలో 'కర' అన్నది 'కృ' ధాతువు నుంచే వచ్చింది: చేసేది కాబట్టి చేయి. తెలుగులో చేయి, చేయు కూడా అలాంటి జంటే అనిపిస్తుంది గానీ కాదు. తమిళంలో చేయి 'కై', చేయడం 'చెయ్', మూలాలు వేరు. దీన్ని ఆధారంగా చూపకండి.

రోమన్ చట్టం దగ్గర మాత్రం పోలిక నిలుస్తుంది. అక్కడ 'మనుస్' అంటే చేయి, అధికారం కూడా. రోమన్ల తొలి లిఖిత చట్టమైన పన్నెండు పట్టికల చట్టం ప్రకారం తీర్పు తర్వాత 30 రోజుల్లో బాకీ తీర్చనివాడి మీద అప్పిచ్చినవాడు చేయి వేసి పట్టుకోవచ్చు. బానిసను విడిపించడం 'మనుమిస్సియో', అంటే చేతిలోంచి వదలడం. సంకల్పంలో వదిలితే పూచీ మొదలవుతుంది, అక్కడ వదిలితే పట్టు తెగుతుంది.