మెల్లగా తొక్కితే జర్క్: టీపీఎస్ (థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్) పోయినట్టేనా?

ప్రశ్న: పాత ఎంపీఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) పెట్రోల్ కారు, కేబుల్ థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే మూతను పెడల్ కేబుల్‌తో లాగే రకం). ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కితే జర్క్ కొడుతోంది. స్కానర్‌లో పీ0122 అనే ఎర్రర్ కోడ్ వచ్చింది. సెన్సర్ మార్చేయమంటారా?

జవాబు: అప్పుడే కొనకండి. ఆ కోడ్ సిగ్నల్ వోల్టేజ్ మరీ తక్కువగా ఉందని మాత్రమే చెబుతుంది. వైరు తెగినా అదే వస్తుంది. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి కనెక్టర్ పీకండి. వైరింగ్ వైపు ఒక పిన్నులో 5 వోల్టులు, ఇంకోదాంట్లో గ్రౌండ్ ఉండాలి. లేకపోతే తప్పు సెన్సర్‌ది కాదు. ఉంటే కనెక్టర్ మళ్లీ పెట్టి, వెనకనుంచి సన్నటి పిన్ను దూర్చి సిగ్నల్ వైరు కొలవండి. థ్రాటిల్ మూసినప్పుడు సుమారు 0.5, పూర్తిగా తెరిస్తే 4.5 వోల్టుల దరిదాపుల్లో రావాలి.

జవాబు: ఆ రెండు అంకెలూ బాగున్నాయని వదిలేయకండి. కాలు ఎక్కువగా ఆడేది మొదటి పావు వంతులోనే కదా, సెన్సర్ లోపలి కార్బన్ ట్రాక్ (సిగ్నల్ ఇచ్చే పూత) అక్కడే అరుగుతుంది. అక్కడ రెప్పపాటు సిగ్నల్ తెగిపోవడం మామూలు డిజిటల్ మీటర్‌కి దొరకదు. ముల్లు మీటర్ మేలు. కనెక్టర్ పీకి, మీటర్ ఓమ్స్‌లో (నిరోధం కొలిచే చోట) పెట్టి, సెన్సర్ సిగ్నల్, గ్రౌండ్ పిన్నుల మధ్య చూస్తూ థ్రాటిల్ చాలా నెమ్మదిగా తెరవండి. ముల్లు ఎక్కడైనా ఎగిరితే సెన్సర్ పోయినట్టే.

జవాబు: కొత్తది బిగించేటప్పుడు స్క్రూ రంధ్రాలు పొడవుగా ఉంటే, మాన్యువల్‌లోని వోల్టేజ్ వచ్చేదాకా సెన్సర్‌నే తిప్పి బిగించండి. థ్రాటిల్ స్టాప్ స్క్రూ మాత్రం ముట్టుకోవద్దు, ఐడిల్ పాడవుతుంది.