ఐదో తరగతికి ఆహార గొలుసు: శక్తి ఎటు పోతుందో, పదార్థం ఎటు పోతుందో ఎలా చూపించాలి?

కొల్లేటి టీచర్:
అందరికీ నమస్కారం. కైకలూరు వైపు ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి చెబుతున్నాను. మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో చేపల చెరువో, చెరువు మీద కూలి పనో ఉంటుంది. బొచ్చె నీటి పైభాగంలో తింటుందని, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున తింటాయని పుస్తకం తెరవకుండానే చెప్పేస్తారు. ఆటపాక పక్షుల కేంద్రానికి వచ్చే గూడబాతుల (పెలికాన్ల) గురించి నాకు చెప్పింది కూడా వాళ్లే. ఇంత తెలిసిన పిల్లల చేత "ఉత్పత్తిదారులు, వినియోగదారులు, విచ్ఛిన్నకారులు" అని కంఠస్థం చేయించడం నాకు ఇష్టం లేదు.

చిక్కు ఎక్కడంటే, "మొక్క ఏం తిని పెరుగుతుంది?" అని అడిగితే క్లాసంతా "మట్టి" అంటుంది. ఎరువు వేస్తేనే కదా టీచర్ వరి ఎదిగేది అని వాదిస్తారు. అది వాళ్లు కళ్లారా చూస్తున్నదే, కాదని ఊరికే కొట్టిపారేయలేను. మొన్న ఒక అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది: "గూడబాతు చచ్చిపోతే కుళ్లి మళ్లీ నాచుకే ఎరువవుతుంది కదా టీచర్, అన్నీ తిరిగి వచ్చేస్తుంటే ఇంక సూర్యుడెందుకు?" ఆ ప్రశ్నకి ఆ పిల్లకి అర్థమయ్యే జవాబు ఇవ్వాలని ఉంది. శక్తి ఒకవైపే ప్రవహిస్తుంది, పదార్థం చక్రంలా తిరుగుతుంది అని నోట్సు రాయించడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ పిల్లలు ముట్టుకుని చూసేది ఏదైనా కావాలి. మాకు ల్యాబ్ లేదు. చింతచెట్టు, పెద్ద ఆవరణ, మధ్యాహ్న భోజనం వండే కట్టెల పొయ్యి ఉన్నాయి. మీరు ఎలా చెప్పారో రాయగలరా?

తెనాలి ఎస్‌జీటీ:
మేడమ్, మేం వడ్ల గింజలతో ఆడిస్తాం. మొక్క దగ్గర 1000 గింజలు, మిడతకి 100, కప్పకి 10, పాముకి 1. ప్రతి మెట్టులో పదోవంతే పైకి వెళ్తుందని పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది. 1942లో లిండెమన్ అనే అమెరికా శాస్త్రవేత్త మిన్నెసోటాలోని ఒక చిన్న సరస్సు మీద రాసిన పరిశోధన నుంచి పెరిగిన ఆలోచన ఇది. గద్దలు ఎందుకు తక్కువ, మిడతలు ఎందుకు ఎక్కువ అనేది కూడా ఇందులోనే వచ్చేస్తుంది.

రిటైర్డ్ సైన్స్ మాస్టారు:
అమ్మా, ఆ అమ్మాయి ప్రశ్నని నల్లబల్ల మీద రాసి, పాఠం అయ్యేదాకా చెరపకండి. మొత్తం పాఠం అందులోనే ఉంది.

తెనాలి సార్ చెప్పిన గింజల ఆట మంచిదే. అయితే మిగిలిన 900 గింజలు ఏమయ్యాయని పిల్లలు తప్పకుండా అడుగుతారు. మాయమయ్యాయి అనుకున్నారంటే పదార్థం గురించి తప్పుడు నమ్మకం పాతుకుపోతుంది. ఒకే గింజతో శక్తినీ పదార్థాన్నీ చూపించబోతే వచ్చే ఇబ్బంది ఇది. కాబట్టి రెంటికీ వేర్వేరు గుర్తులు పెట్టండి. పదార్థానికి చింతగింజలు, శక్తికి ఎర్ర కాగితం ముక్కలు. చింతచెట్టు కింద ముగ్గుతో పెద్ద గీత గీయండి. ఒక పిల్లవాడు సూర్యుడు, వాడు గీత బయట నిలబడాలి. లోపల నాచు, నీటి పురుగు, చేప, గూడబాతు, కుళ్లబెట్టే సూక్ష్మజీవి, నీళ్లూ గాలీ కలిపి ఒకరు. నియమం ఒక్కటే: చింతగింజలు చేతులు మారతాయి కానీ గీత దాటవు. ఎర్ర ముక్కలు సూర్యుడి దగ్గర నుంచి వస్తాయి, ఒకరి నుంచి ఒకరికి వెళ్లేటప్పుడు పదింట తొమ్మిది వేడి కింద గీత బయటికి విసిరేయాలి. బయట పడ్డదాన్ని ఎవరూ తీసుకోకూడదు. సూక్ష్మజీవి తన దగ్గరున్న చింతగింజలన్నీ నీళ్లూ గాలికి ఇచ్చేస్తే నాచు మళ్లీ అక్కడి నుంచే తీసుకోవాలి. ఆట జోరుగా సాగుతుండగా సూర్యుణ్ణి ఆపమనండి. కాసేపటికి ఎర్ర ముక్కలు అయిపోతాయి, చింతగింజలు మాత్రం ఒక్కటి కూడా తగ్గవు. అప్పుడు జవాబు ఆ అమ్మాయినే చెప్పమనండి.

వేడి అనే మాట కాగితం ముక్కగానే మిగిలిపోకూడదు. చలికాలం పొద్దున్నే ఊళ్లో పెంటకుప్ప దగ్గరికి తీసుకెళ్లి, రైతుని అడిగి పారతో పైపొర తీయించండి. లోపలి నుంచి ఆవిరి లేస్తుంది. బాగా మాగుతున్న కుప్ప మధ్యలో 50, 60 డిగ్రీల దాకా వేడి ఉంటుంది కాబట్టి చెయ్యి లోపల పెట్టనివ్వకండి, పైన చాపితే చాలు. ఎండ నుంచి గడ్డి పట్టుకున్న శక్తిలో గేదె వాడుకోలేకపోయినది, ఇప్పుడు సూక్ష్మజీవుల చేతిలో వేడిగా పోతోంది. ఆ వేడిని తిరిగి పట్టుకుని గడ్డిగా మార్చగలిగే ప్రాణి ఏదీ లేదు. కుప్పలో మిగిలే ఎరువు మాత్రం పొలానికి చేరుతుంది. ఒకే చోట రెండూ కనిపిస్తాయి, నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

ఇక మట్టి సంగతి. వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త చేసిన, 1648లో అచ్చయిన ప్రయోగం కథలా చెప్పండి. బాగా ఆరబెట్టిన 200 పౌన్ల మట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌన్లు తూగింది. మట్టి తగ్గింది సుమారు రెండు ఔన్సులే. చెట్టంతా నీళ్ల నుంచే వచ్చిందని ఆయన అనుకున్నాడు, గాలి ఆయన లెక్కలోకి రాలేదు. "ఇంకేం మిగిలింది పిల్లలూ?" అని అక్కడ ఆపండి. తర్వాత మీ వంట పొయ్యి దగ్గరికి వెళ్లండి. బుట్టెడు ఎండు కట్టెలు కాలిస్తే దోసెడు బూడిద వస్తుంది. మొక్క నేల నుంచి తీసుకున్న లవణాలు దాదాపుగా ఆ బూడిదలో ఉన్నాయి. మిగతాదంతా గాలీ నీరూ కలిసి కట్టె అయింది, కాలి మళ్లీ గాలిలోకే పోయింది. ఎండు కట్టె బరువులో దగ్గర దగ్గర సగం కార్బనే, అది వచ్చింది గాలిలో 0.04 శాతమే ఉండే కార్బన్ డయాక్సైడ్ నుంచి. ఎరువు గురించి పిల్లల మాటా నిజమే, అది ఒప్పుకోండి. నేల ఇచ్చేది కొంచెమే, ఆ కొంచెం లేకపోతే మాత్రం మొక్క ఎదగదు.

ఆక్వా రైతు, ఆకివీడు:
నేను టీచర్ని కాదు, మా అబ్బాయి నాలుగో తరగతి. చెరువులో కోళ్ల ఎరువు వేసిన కొన్నాళ్లకి నీళ్లు పచ్చగా తిరుగుతాయి, బొచ్చె పిల్లకి మేత తయారవుతోందని మాకు గుర్తు అదే. ఎరువు వేసి వారం మబ్బు పట్టిందనుకోండి, ఆ పచ్చదనం రాదు. ఎరువంతా నీళ్లలోనే ఉంటుంది, ఎండ లేదంతే. మాకదే పెద్ద టెన్షన్. ఆ అమ్మాయికి ఇది చెప్పండి మేడమ్, వాళ్ల నాన్నని అడిగినా ఇదే చెబుతాడు.

తెనాలి ఎస్‌జీటీ:
మాస్టారూ, రెండు గుర్తుల పద్ధతి బాగుంది, ఈ వారమే ఆడిస్తాను. ఒక సందేహం. బ్రాయిలర్ కోడి ఒకటిన్నర, రెండు కిలోల దాణాకే కిలో పెరుగుతుంది. మరి పదోవంతు లెక్క తప్పుతోంది కదా అని పెద్ద పిల్లలు అడిగితే?

రిటైర్డ్ సైన్స్ మాస్టారు:
అడగాల్సిన ప్రశ్నే. దాణా ఎండుది, కోడి బరువులో ఎక్కువ భాగం నీళ్లు. కాబట్టి కిలోకి కిలో పోల్చితే కుదరదు. పైగా షెడ్డులో కదలకుండా కూర్చుని తినే కోడి వేరు, వెతుక్కుని తిరిగే కొంగ వేరు. పదోవంతు అనేది సగటు మాట. అసలు ఆవరణ వ్యవస్థల్లో అది చోటుని బట్టి బాగా మారుతుంది. ఐదో తరగతికి "ఎక్కువ భాగం వేడిగా పోతుంది" అంటే సరిపోతుంది, పది శాతాన్ని సూత్రంలా రాయించొద్దు.

కొల్లేటి టీచర్:
చాలా థాంక్స్ మాస్టారూ, అందరికీ. చింతగింజల ఆట, పెంటకుప్ప రెండూ చేయిస్తాను. మబ్బు మాట ఆ అమ్మాయి ఇంట్లోనే ఉందని నాకు తట్టలేదు, రైతుగారికి ప్రత్యేకంగా నమస్కారాలు. బాణం గుర్తు గురించి కూడా ఒక మాట చెప్పండి. సగం మంది గూడబాతు నుంచి చేప వైపు గీస్తున్నారు. తినేది అదే కదా, వేటాడేది అదే కదా అంటారు. ఇంకోటి, కుళ్లినా పదార్థం పోదని చూపడానికి మూత పెట్టిన సీసాలో అరటి తొక్క పెట్టి తూకం వేయిద్దామనుకుంటున్నా, కుదురుతుందా?

రిటైర్డ్ సైన్స్ మాస్టారు:
బాణం గీసేముందు "పొట్టలోకి" అని పైకి చదివించండి. చేప, పొట్టలోకి, గూడబాతు. రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

సీసా కుదురుతుంది. పెద్ద సీసా, చిన్న తొక్క ముక్క, గుప్పెడు తడి మట్టి వేసి మూత బిగించి, కిరాణా కొట్టు డిజిటల్ కాటా మీద తూచి తేదీ వేయండి. నెల తర్వాత తొక్క ఆనవాలు లేకుండా నల్లబడుతుంది, బరువు మాత్రం అంతే ఉంటుంది. పక్కన మూత లేని సీసా పెట్టొద్దు. అందులో ముందు తగ్గేది ఆరిపోయే నీళ్లే, పిల్లలు అదంతా కుళ్లడం వల్లే అనుకుంటారు. తెరిచేటప్పుడు ఆరుబయట మీరే తెరవండి, లోపల గాలి ఒత్తిడి ఉండొచ్చు, వాసన కూడా గట్టిగానే వస్తుంది.