కరోల్ బర్నెట్ అవార్డు జాబితాలో 2022, 2024 ఎందుకు లేవు?

పాతటీవీ_పిచ్చి:
గోల్డెన్ గ్లోబ్స్‌లో టీవీ వాళ్లకిచ్చే కరోల్ బర్నెట్ అవార్డు మీద క్విజ్ ప్రశ్నలు రాస్తున్నా. ఇది మొదలైంది ఒకచోట 2018 అని, ఇంకోచోట 2019 అని ఉంది. 2022, 2024 పేర్లు ఎక్కడా దొరకట్లేదు. దీనికి నామినేషన్లు ఉంటాయా? సెసిల్ బి. డిమిల్ అవార్డుకీ దీనికీ తేడా ఏంటి?

లెక్కలోడు:
2019 అనే రాయండి. గోల్డెన్ గ్లోబ్స్‌లో ఒక ఏడాది వచ్చిన షోలకి వేడుక మరుసటి ఏడాది మొదట్లో జరుగుతుంది. 76వ వేడుక 2019 జనవరి 6న జరిగింది, పోటీపడ్డవి మాత్రం 2018 షోలు. ఆ లెక్క పట్టుకున్నవాళ్లు 2018 అని రాసేస్తారు. కానీ ఈ అవార్డు ఒక ఏడాది పనికి ఇచ్చేది కాదు, మొత్తం కెరీర్‌కి. అందుకే వేడుక జరిగిన తేదీయే పట్టుకోండి. మొదటి గ్రహీత కరోల్ బర్నెటే. అమెరికన్ టీవీ చానల్ సీబీఎస్‌లో 1967 నుంచి 1978 దాకా ఆవిడ కామెడీ షో 11 సీజన్లు నడిచింది.

నామినేషన్లు ఉండవు. పేరు ముందే ప్రకటిస్తారు, కవరు చింపి చదవడమేమీ ఉండదు. కాబట్టి 'ఎవరిని ఓడించి గెలిచారు' లాంటి ప్రశ్న పెట్టకండి.

తెరవెనుక:
డిమిల్ అవార్డు కూడా గోల్డెన్ గ్లోబ్స్ ఇచ్చే గౌరవ పురస్కారమే, కానీ అది మొత్తం వినోదరంగానికి; 1952 నుంచి ఉంది. బర్నెట్ అవార్డు లేని రోజుల్లో టీవీ వాళ్లకీ అదే ఇచ్చేవారు: లూసిల్ బాల్‌కి 1979లో, ఓప్రా విన్‌ఫ్రీకి 2018లో. టీవీకి విడిగా ఒకటి పెట్టింది ఆ మరుసటి ఏడాదే. బర్నెట్ అవార్డుకి తెర మీద కనిపించాలన్న నియమం లేదు. 2021లో తీసుకున్న నార్మన్ లియర్, 2023లో తీసుకున్న ర్యాన్ మర్ఫీ ఇద్దరూ ముఖ్యంగా రచయితలు, నిర్మాతలు. 'ఈ నటుల్లో ఎవరు' అని ప్రశ్న మొదలుపెడితే అక్కడే తప్పవుతుంది.

ఇక ఖాళీల సంగతి. అప్పట్లో అవార్డులిచ్చే హాలీవుడ్ ఫారిన్ ప్రెస్ అసోసియేషన్‌లో నల్లజాతి సభ్యుడు ఒక్కరూ లేరని 2021లో బయటపడి గొడవైంది. 2022 వేడుకని ఎన్‌బీసీ చానల్ ప్రసారం చెయ్యనంది. ప్రసారం లేకుండా, తారలు లేకుండా బెవర్లీ హిల్టన్ హోటల్లో విజేతల పేర్లు చదివి ముగించారు. గౌరవ పురస్కారాలు లేవు. 2023లో ఆ సంఘమే రద్దయింది. 2024లో 81వ వేడుక సీబీఎస్‌కి వెళ్లింది. స్టాండప్ కామెడీకి కొత్త విభాగం పెట్టారు గానీ డిమిల్, బర్నెట్ రెండూ ఇవ్వలేదు.

పాతటీవీ_పిచ్చి:
థాంక్సండీ. అయితే వరుస: 2019 బర్నెట్, 2020 ఎలెన్ డిజెనరస్, 2021 లియర్, 2023 మర్ఫీ, 2025 టెడ్ డాన్సన్, 2026 సారా జెస్సికా పార్కర్. ఇంతేనా?

లెక్కలోడు:
వరుస సరిగ్గానే ఉంది. మర్ఫీ దగ్గర మాత్రం పూర్తి పేరు రాయండి. అదే 2023లో డిమిల్ అవార్డు ఎడ్డీ మర్ఫీది, ఉత్త 'మర్ఫీ' అంటే రెండు జవాబులూ ఒప్పుకోవాల్సొస్తుంది! తేదీ అడిగితే 2021తో జాగ్రత్త. కోవిడ్ వల్ల వేడుక ఫిబ్రవరి 28కి జరిగింది, మిగతావన్నీ జనవరే. 2025 నుంచి ఇంకో మెలిక: అసలు వేడుక జనవరి 5న, కానీ డాన్సన్‌ని, డిమిల్ గ్రహీత వయోలా డేవిస్‌ని జనవరి 3నే వేరే విందులో సత్కరించారు. ప్రధాన ప్రసారంలో ఆ ప్రసంగాలు వెతికితే దొరకవు.

తెరవెనుక:
ఇంకొక్కటి. టెలివిజన్ హాల్ ఆఫ్ ఫేమ్‌ని దీంతో కలపకండి, అది ఎమ్మీలనే టీవీ అవార్డులిచ్చే టెలివిజన్ అకాడమీది. లియర్ 1984లో దాని మొట్టమొదటి జట్టులోనే ఉన్నాడు. 'లియర్‌కి ఏ ఏడాది గౌరవం దక్కింది' అని ఊరికే అడిగితే 1984 అన్నవాడికీ మార్కు ఇవ్వాల్సిందే.