ముక్కులోంచే గడ్డ తీయించాలా, తల తెరిపించాలా?

ఒంగోలు తమ్ముడు:
మా అన్నయ్యకి 46 ఏళ్లు. ఏడాదిగా ఒక వైపు ముక్కే మూసుకుపోయేది, అప్పుడప్పుడు రక్తం. కండ పెరిగిందనుకుని స్ప్రేలు కొట్టుకుంటూ గడిపేశాడు. ఇప్పుడు బయాప్సీలో ఎస్థెసియోన్యూరోబ్లాస్టోమా అని వచ్చింది, వాసన నరాల దగ్గర పుట్టే క్యాన్సరట. స్టేజి కాడిష్ సి, అంటే ముక్కూ సైనస్‌లూ దాటేసింది. ఒక డాక్టరు ముక్కులోంచే ఎండోస్కోపీతో తీస్తామంటున్నారు, ఇంకొకరు తల తెరవాల్సిందే అంటున్నారు. వదినేమో మొహం మీద గాటు వద్దంటోంది. ఇంట్లో ఒకటే టెన్షన్.

పాతకాలపు ఈఎన్‌టీ:
గాటు మానిపోతుంది బాబూ. 1960ల నుంచి తల వైపూ మొహం వైపూ ఒకేసారి వెళ్లి ఇలాంటి గడ్డల్ని తీస్తున్నాం. మెదడులోకి బాగా పాకినా, కంటిగూటిలో పక్కకి వెళ్లినా ముక్కులోంచి అందదు. పైగా క్యాన్సర్‌ని ముక్కలు ముక్కలుగా లాగడమేంటి?

స్కోప్ పక్షం:
ముక్కలు చేసేది ముక్కులో వేలాడే భాగాన్నే సార్. వేరు ఉన్న చోట, జల్లెడలాంటి ఎముకనీ దాని మీది మెదడు పొరనీ, చుట్టూ మంచి భాగంతో సహా తీస్తాం. అంచులు అక్కడికక్కడే ఫ్రోజెన్ సెక్షన్‌కి వెళ్తాయి, అంటే ఆపరేషన్ జరుగుతుండగానే ముక్కని గడ్డకట్టించి క్యాన్సర్ మిగిలిందేమో మైక్రోస్కోపులో చూస్తారు. ఒకప్పుడు భయమల్లా మెదడు నీరు కారుతుందనే. 2006లో హడాద్ బృందం చెప్పిన పద్ధతిలో ముక్కు మధ్య గోడ పొరని రక్తనాళంతో సహా తిప్పి, గడ్డ తీసిన చోట పడ్డ కన్నం మూస్తున్నాక ఆ లీకులు బాగా తగ్గాయి. గడ్డ ఆ గోడకీ పాకి ఉంటే మాత్రం తొడ నుంచి పొర తెచ్చుకోవాలి. మెదడులోకి ఎక్కువగా వెళ్లిన కేసుల్లో మీ మాటే నిజం, ఒప్పుకుంటా.

రేడియేషన్ విభాగం:
ఇద్దరూ దారి గురించే కొట్టుకుంటున్నారు. ముందు బయాప్సీ స్లైడ్లు ఇలాంటి గడ్డలు చూసిన పెథాలజిస్టుకి చూపించారా? మైక్రోస్కోపు కింద దీనిలా కనిపించే ఎస్‌ఎన్‌యూసీ అనే ఇంకో రకం ముక్కు, సైనస్ క్యాన్సర్ ఉంది. అదైతే చాలాచోట్ల కీమోతో మొదలుపెడతారు, గడ్డ కరిగిన తీరు చూశాకే ఆపరేషనా రేడియేషనా అని తేలుస్తారు. తమ్ముడూ, మీదే జబ్బయినా సి స్టేజికి ఆపరేషన్ తర్వాత సాధారణంగా రేడియేషన్ ఉంటుంది.

ఒంగోలు తమ్ముడు:
స్లైడ్లు ఎవరికీ చూపించలేదండీ. రేడియేషన్ అంటే ప్రోటాన్ చేయించాలా? చెన్నైలో ఉందంటున్నారు, పొలం అమ్మాల్సి వస్తుంది.

రేడియేషన్ విభాగం:
అమ్మకండి. చెన్నైలో 2019 నుంచి ఉంది, నవీ ముంబైలో టాటా వాళ్ల ఖార్ఘర్ కేంద్రంలోనూ ఉంది, అక్కడ అడిగి చూడండి. ప్రోటాన్ కిరణం అనుకున్న లోతులో ఆగిపోతుంది, కంటి నరం పక్కన అది మేలే. కానీ ఈ జబ్బులో ఐఎంఆర్‌టీ, అంటే గడ్డ ఆకారానికి తగ్గట్టు ఎక్స్‌రే కిరణాల్ని మలిచి ఇచ్చే రేడియేషన్, దాని కంటే ప్రాణం ఎక్కువ నిలుపుతుందని తేల్చిన పెద్ద ట్రయల్ లేదు. రోగులే అంత తక్కువ.

పాతకాలపు ఈఎన్‌టీ:
అది నిజం. అన్నట్టు, పదేళ్ల తర్వాత మెడలో గడ్డలుగా తిరగబడ్డ కేసులు నేనే చూశాను. చెకప్ మానొద్దు.

ఒంగోలు తమ్ముడు:
రేపే స్లైడ్లు తెస్తాను. వాసన తిరిగి వస్తుందా అని అన్నయ్య అడుగుతున్నాడు.

స్కోప్ పక్షం:
రెండు వైపులా వాసన నరాలు తీస్తే రాదు. వంటింట్లో గ్యాస్ లీక్ అలారం పెట్టించండి.