రెండరింగ్‌లో 100 డిగ్రీలు: సహజమా, లోపమా?

పెళ్లివీడియో_భీమవరం

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఫిబ్రవరిలో కొత్త సిస్టమ్ అసెంబుల్ చేయించుకున్నాను. ప్రాసెసర్ ఇంటెల్ కోర్ ఐ5-12400, దాంతో పాటు డబ్బాలో వచ్చిన కూలర్, 16 జీబీ ర్యామ్. అప్పట్లో టెంపరేచర్ చూడనే లేదు. మే వచ్చాక రెండర్లు (ఎడిట్ చేసినదాన్ని ఫైనల్ వీడియోగా మార్చే పని) మరీ నెమ్మదించాయని, టెంపరేచర్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ వేసి చూస్తే, రెండర్ పెట్టిన ప్రతిసారీ ప్రాసెసర్ 100కి పోతోంది. క్లాక్, అంటే ప్రాసెసర్ వేగం, 4 గిగాహెర్ట్జ్ ఉండాల్సింది 3 దగ్గర ఆడుతోంది. పని లేనప్పుడు 52. గదిలో ఏసీ లేదు, గోడ మీది థర్మామీటర్ 38 చూపిస్తోంది.

బిగించిన షాపులో అడిగితే "ఇంటెల్‌కి 100 దాకా ఏం కాదు సార్, ఎండాకాలం కదా" అన్నారు. మా అన్నయ్యేమో కూలర్ మార్చెయ్యమంటున్నాడు. ఏది నిజం? సీజన్ మధ్యలో ఇది ఆగితే నాకు ఇల్లు గడవదు.

సర్వర్‌రూమ్_హైదరాబాద్

షాపువాళ్లు చెప్పింది తప్పు కాదండీ. 12400కి కంపెనీ పెట్టిన హద్దే 100. అది తాకగానే ప్రాసెసర్ తనంతట తానే క్లాక్ తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి ఆగకపోతే మొత్తం సిస్టమ్‌నే ఆపేస్తుంది. కాలిపోయే రోజులు పోయాయి. 2022 సెప్టెంబరులో ఇంటెల్ పోటీదారు ఏఎండీ నుంచి రైజెన్ 7000 ప్రాసెసర్లు వచ్చినప్పుడు, ఫుల్ లోడ్‌లో 95 దగ్గర నడవడానికే వీటిని తయారు చేశామని ఆ కంపెనీనే చెప్పింది. అప్పుడూ జనం ఇలాగే కంగారుపడ్డారు. అంకె చూసి భయపడి వేలకు వేలు పోసి లిక్విడ్ కూలర్లు కొనకండి.

రిపేర్‌బల్ల

పై అన్నగారి మాటలో ప్రతి వాక్యం నిజమే, కానీ ఈ మెషీన్‌కి అది వర్తించదు. ఆ 7000 సిరీస్‌లోని రైజెన్ 9 7950ఎక్స్ 95కి వెళ్లేది 230 వాట్ల దాకా లాగుతూ, ఉన్న ప్రతి డిగ్రీనీ వేగంగా మార్చుకుంటూ. ఇక్కడ క్లాక్ పడిపోతోంది. వేడి పెరిగి పని తగ్గడాన్ని డిజైన్ అని ఎలా అంటాం?

టెంపరేచర్ ఒక్కటే చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. దాని పక్కన మూడు కావాలి: ఎన్ని వాట్లు, ఎంత క్లాక్, గది ఎంత వేడి. తమ్ముడూ, రెండర్ నడుస్తుండగా 'సీపీయూ ప్యాకేజ్ పవర్' అన్న లైను చూసి చెప్పు.

కొత్తబిల్డ్_డాలస్

నాదీ 12400యే, అదే డబ్బా కూలర్. ఇక్కడ ఇంట్లో ఏసీ 23లో ఉంటుంది. ప్రాసెసర్‌ని పరీక్షించే సినీబెంచ్ ప్రోగ్రామ్ పది నిమిషాలు నడిపితే 65 వాట్ల దగ్గర 74. ఇంతకంటే ఎక్కువ ఎప్పుడూ చూడలేదు.

రిపేర్‌బల్ల

ఇదే కావాల్సింది. 74లోంచి 23 తీసెయ్యండి, 51. ఆ కూలర్ గది వేడి మీద 51 డిగ్రీలు ఎక్కిస్తోందన్నమాట. గది 38 ఉంటే సుమారు 89 రావాలి. ఎండాకాలం వల్ల పెరిగేది 15 డిగ్రీలు, అంతే. మిగతాది ఇంకెక్కడి నుంచో వస్తోంది.

రైతుబజారు_రిగ్

అసలు రీడింగే తప్పేమో చూశారా? 2017లో రైజెన్ 1800ఎక్స్ కొన్నప్పుడు నాకు ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపించేది. అన్ని మోడళ్లలో ఫ్యాన్ ఒకే తీరుగా తిరగాలని కంపెనీనే ఆ ఇరవై కలిపిందని తర్వాత తెలిసింది. మదర్‌బోర్డులో ఏమీ తగిలించని సెన్సర్ 127 చూపించడం కూడా మామూలే.

రిపేర్‌బల్ల

మంచి ప్రశ్న. కానీ ఇంటెల్ కోర్లలోని సెన్సర్ హద్దుకి ఇంకెంత దూరం ఉందో కొలుస్తుంది. అందుకే హద్దు దగ్గర దాన్ని నమ్మొచ్చు, చల్లగా ఉన్నప్పుడు అంత కచ్చితంగా ఉండదు. ఆ 52ని నేను పట్టించుకోను, 100ని పట్టించుకుంటాను.

తమ్ముడూ, మూడు పనులు చెయ్యి. ఒకటి, కేబినెట్ పక్క డోరు తీసి రెండర్ పెట్టు. బాగా తగ్గితే గాలి ఆడటం లేదని అర్థం. రెండోది, స్టార్ట్ నొక్కిన క్షణం నుంచి అంకె ఎంతసేపట్లో ఎక్కుతుందో లెక్కపెట్టు. దుమ్ము వల్లో గాలి లేకో అయితే నిమిషాల మీద మెల్లగా ఎక్కుతుంది. రెండు మూడు సెకన్లలో వందకి దూకితే వేడి హీట్‌సింక్‌దాకా, అంటే కూలర్‌లోని లోహపు రేకుల దిమ్మదాకా, చేరడమే లేదు. చివరికి సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసి, వెంటనే హీట్‌సింక్ రేకులు ముట్టుకో. నా బల్ల మీదికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి.

పెళ్లివీడియో_భీమవరం

చేశాను. డోరు తీస్తే రెండు డిగ్రీలు కూడా తగ్గలేదు. పవర్ 42 వాట్లు. అన్నా, మూడు అంకెలు లెక్కపెట్టేలోపే 98! హీట్‌సింక్ మాత్రం గోరువెచ్చగా ఉంది, అంతే.

రిపేర్‌బల్ల

42 వాట్లకే వంద. డాలస్‌లో అదే చిప్పు 65 లాగుతూ 74. కూలర్ కొనకు, ఉన్నదే విప్పు. బోర్డు వెనక నుంచి చూడు, కూలర్‌ని బోర్డుకి పట్టి ఉంచే నాలుగు పుష్ పిన్‌ల కాళ్లూ విచ్చుకుని మధ్యలో నల్లటి పుల్ల కనిపించాలి.

పెళ్లివీడియో_భీమవరం

రాత్రి విప్పాను. ర్యామ్ వైపు పిన్ ఒకటి బోర్డు రంధ్రంలోకి సగమే దిగి ఉంది. ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చే పేస్ట్ ఒక పక్కే అణిగింది, రెండో పక్క మొదట వేసిన గీతలు అలాగే ఉన్నాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త పేస్ట్ వేసి, పిన్‌లు ఎదురెదురు మూలల నుంచి టక్‌మని వినిపించేదాకా నొక్కాను. ఈరోజు గది 39, పవర్ 65, క్లాక్ 4 దగ్గర ఉంది, టెంపరేచర్ 87 దగ్గర నిలబడింది. ఖర్చు పేస్ట్ ట్యూబు ఒక్కటే.

సర్వర్‌రూమ్_హైదరాబాద్

చాలా సంతోషం తమ్ముడూ. ఈ మెషీన్ విషయంలో నాదే పొరపాటు, వాట్లు అడగకుండా మాట్లాడాను. కానీ నా అసలు మాట వదులుకోను. ఈ థ్రెడ్ చదివి రైజెన్ 7600ఎక్స్ ఉన్నవాళ్లు 95 చూసి కూలర్ విప్పడం మొదలుపెడతారు. వాళ్లకు బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) కరెంటు తక్కువ లాగే 65 వాట్ల ఎకో మోడ్ చాలు, వేగం కొద్దిగానే తగ్గుతుంది. వేడినే దొంగగా చూడటం వల్ల అసలు దొంగ తప్పించుకుంటాడు. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు క్రాష్ అవుతుంటే జనం కూలర్లు మార్చారు. 2024 ఆగస్టులో వచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్‌కి అప్‌డేట్) సరిచేసింది వోల్టేజీని.

రిపేర్‌బల్ల

ఆ కేసులో ఇంటెల్ చెప్పింది ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి రెండూ కలిసి క్లాక్ సర్క్యూట్‌ని ముసలిదాన్ని చేస్తున్నాయని. వేడిని పూర్తిగా వదిలెయ్యలేదు. ఎకో మోడ్ మాట మాత్రం నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను.

నా బాధ వేరే. పూర్తి డబ్బు కట్టి ఈ అబ్బాయి మూడు నెలలు సగం బిగించిన మెషీన్‌తో పనిచేశాడు, అడిగితే షాపు "100 దాకా పర్లేదు" అనేసింది. మెషీన్ ఇచ్చేముందు పది నిమిషాల లోడ్ టెస్ట్ కస్టమర్ కళ్లముందు నడపాలి. ఆ పది నిమిషాలు లేని షాపు ఉండకూడదు.

పెళ్లివీడియో_భీమవరం

మా తమ్ముడి సిస్టమ్ కూడా అదే షాపులో, అదే రోజు బిగించారు. పేస్ట్ ట్యూబులో ఇంకా సగం ఉంది. రేపు పొద్దున్నే వాడింటికి వెళ్తున్నాను, వాట్లు, క్లాక్, గది వేడి మూడూ రాసి ఇక్కడే పెడతాను.