పదిహేనేళ్ల పరిశోధన ప్రణాళిక: రైతుకా, బీరువాకా?

బాపట్ల_పాతబ్యాచ్:
ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గతంలో తన సంస్థలన్నిటి చేతా 'విజన్ 2050' అని తలా ఒక పుస్తకం రాయించింది. విశ్వవిద్యాలయాలూ, రాష్ట్ర పరిశోధన కేంద్రాలూ కూడా అలాగే పదిహేనేళ్లకు ప్రణాళిక వేసుకోవాలని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నన్నడిగితే ఐదేళ్లకు మించి వేసేదంతా దండగ. ఉన్న నాలుగు రూపాయలూ ఈ సీజన్‌లో రైతు అడిగినదాని మీద పెట్టాలి. కాదనేవాళ్లు చెప్పండి.

మాగాణి_మావయ్య:
బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకుని నువ్వే ఈ మాట అంటే ఎలాగయ్యా! వరి ప్రజననంలో, అంటే రెండు రకాలను కలిపి కొత్త రకం తయారుచేసే పనిలో ఉండి రిటైరైనవాణ్ణి, అందుకే ఆగలేక రాస్తున్నా.

సాయంత్రం పూట తల్లి కంకిలో ఒక్కో పువ్వు కొస కత్తిరించి, లోపలి పుప్పొడి తిత్తులన్నీ తీసేసి, కాగితం సంచి తొడుగుతాం. మర్నాడు పొద్దెక్కాక, పూలు విచ్చుకునే వేళకి తండ్రి కంకి తెచ్చి దాని మీద దులుపుతాం. ఇంతా చేస్తే కంకికి గుప్పెడు గింజలు కూడా రావు. అక్కణ్ణుంచి ఆరేడు తరాలు ఏరుకుంటూ పోవాలి, తర్వాత దిగుబడి పరీక్షలు, దేశవ్యాప్త పరీక్షలు, ఆఖరున రైతులు తమ పొలాల్లో వేసి చూడ్డానికి చిరుసంచుల్లో విత్తనం. పదేళ్లు ఇట్టే అయిపోతాయి. మార్టేరు వరి పరిశోధన కేంద్రం స్వర్ణ (ఎంటీయూ 7029) 1982లో, మీ బాపట్ల సాంబ మసూరి (బీపీటీ 5204) 1986లో వచ్చాయంటే వాటి వెనక అంత ఓపిక ఉంది. సాంబ మసూరికి ఎండాకు తెగులు పెద్ద బెడద. మూడు నిరోధక జన్యువులు చేర్చి ఆ తెగులు తట్టుకునే సాంబ మసూరిని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి సంస్థ కలిసి తెచ్చేసరికి 2008 అయింది. ఐదేళ్లకోసారి ప్రాధాన్యాలు మార్చేస్తే ఈ పని సగం తరాల దగ్గరే ఆగిపోయేది.

మిర్చి_కౌలురైతు:
మావయ్యగారూ, వరి సంగతి ఒప్పుకున్నా. మా సంగతి వినండి. 2021 నవంబరు. తోట నిండా పూత. పువ్వు కోసి తెల్లకాగితం మీద దులిపితే నల్లటి నలుసులు, అవే పరిగెత్తుతున్నాయి. నల్ల తామరపురుగు. అది పువ్వులోనే దాక్కుంటుంది కాబట్టి పైపైన కొట్టిన మందు తగల్లేదు. రోజు విడిచి రోజు కొట్టాం. పూత రాలింది, కాయలు వంకర తిరిగాయి. కౌలు కట్టాలి, మందుల కొట్టులో బాకీ తీర్చాలి. మా దగ్గరి పరిశోధన కేంద్రానికి పోతే పురుగుల శాస్త్రవేత్త పోస్టు ఖాళీ అన్నారు. ఈ పురుగు ఏ విజన్ పుస్తకంలో ఉందండీ? పాతబ్యాచ్ అన్న చెప్పిందే నాకు నచ్చింది.

కదిరి_చేనుగట్టు:
ఎప్పుడు చూసినా మాగాణి, మిర్చి. మెట్టోళ్లం మేమూ ఉన్నాం సామీ. కదిరి లేపాక్షి వేరుశనగ ఇచ్చింది మా కదిరి కేంద్రమే. ప్రణాళిక పదిహేనేళ్లకైనా, ఐదేళ్లకైనా వానాధార పంటలకు ఇంత అని ముందే గీత గీసి రాయకపోతే మా వంతు ఊడ్చుకుపోతుంది. నా గొడవంతా అదే.

మాగాణి_మావయ్య:
కౌలురైతు బాబూ, నీ నష్టం మాటలతో తీరేది కాదు. కానీ ఒక్క సంగతి విను. ఆ పురుగు మన దేశంలో ఉందని 2015లోనే బయటపడింది, బెంగళూరులో బొప్పాయి మీద. నీ తోటకొచ్చేసరికి ఆరేళ్లు. బొప్పాయి మీద కనిపించింది రేపు మిర్చికి ఎక్కుతుందేమోనని ఏటా పూత దులిపి చూసే మనిషి ఉండాల్సింది. అది ఏ సీజన్లోనూ ఏ రైతూ అడిగే పని కాదు. పురుగు రాకముందు ఎవరడుగుతారు? పాతబ్యాచ్ చెప్పినట్టు అడిగినదాని మీదే డబ్బు పెడితే, ముందుగా కోత పడేది ఆ మనిషి మీదే.

పుస్తకాల మీద నాకూ మోజు లేదు. రాయించే రోజుల్లో నేనూ రాశాను. మొదటి ముప్ఫై పేజీలు వాతావరణ మార్పులు, జనాభా. ఖాళీ పోస్టుల గురించి ఒక్క వాక్యం రాస్తే పైవాళ్లు కొట్టేశారు.

బాపట్ల_పాతబ్యాచ్:
2015 సంగతి నాకు తెలీదు సార్. రకాల తయారీకి, పురుగుల నిఘాకి పదిహేనేళ్ల లెక్క ఉండాలి, ఒప్పుకున్నా. మిగతా వాటికి మాత్రం ఐదేళ్లే చాలు. ఏటా బడ్జెట్‌లో కొంత ఎవరి పేరూ రాయకుండా విడిగా ఉంచాలి, అనుకోనిది వస్తే తీయడానికి.

కదిరి_చేనుగట్టు:
విడిగా ఉంచిన డబ్బు మార్చి నెలాఖరుకి కుర్చీలు, ఏసీలు అయిపోతుంది. చూడలేదా ఏంది?

మిర్చి_కౌలురైతు:
పువ్వు దులిపే మనిషి అన్నారు కదా మావయ్యగారూ. ఆ పోస్టు ఇప్పుడు ఎన్ని కేంద్రాల్లో నిండి ఉందో లెక్క తీసి ఇక్కడే పెట్టండి ఎవరైనా. నారుమళ్లకి నీళ్లు కట్టాలి, రాత్రికి చూస్తా.